చెంగమ్మత్త అడిగిన కిటికీ

తడి సిమెంటు వాసన తగిలితే చాలు, నాకు మా చెంగమ్మత్త గొంతు వినిపిస్తుంది. మొన్న నెల్లూరులో మా మేనల్లుడు కట్టిస్తున్న ఇల్లు చూడటానికి వెళ్లి గడప దాటానో లేదో, అదే వాసన. హాల్లో పాలరాయి, పైకప్పుకు దీపాల వరస, మెట్లకు గాజు పలకలు అంటూ వాడు ఒక్కొక్కటీ చూపించాడు. "ఇంకేమన్నా చేయించమంటావా అత్తా? ఇప్పుడైతే సులువు," అన్నాడు. నేను వంటింటివైపు నడిచాను. ఇల్లు చూసే పద్ధతి నాకు నేర్పింది మా మేనత్తే. ఆమె ఏ ఇంటికి వెళ్లినా ముందు వంటింట్లో కాసేపు నిలబడేది, మిగతా వైభవమంతా తరువాతే.

చెంగమ్మత్త మా నాయనకు అక్క. తడ దగ్గరి ఊరికి ఇచ్చారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కాపురానికి వెళ్లిన మొదటి ఏడే, అత్తగారి వంటింట్లో పొగ భరించలేక, కర్ర తీసుకుని పైకప్పు పెంకులు నాలుగు తోసేసిందట. అత్తగారు లబలబలాడుతూ వస్తే, "వానొస్తే తడిసేది నేనే, పొగొస్తే ఏడ్చేది నేనే. తడిస్తే ఆరిపోతాను లే," అన్నదట. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పాల్సిందే. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, నవ్వు చివర దగ్గు వచ్చేది. ఆ దగ్గును మేమెవరం లెక్కలోకి తీసుకోలేదు, ఒక్క చెంగమ్మత్త తప్ప.

యాభైల చివర, నాకు పన్నెండేళ్లున్నప్పుడు, తోటపల్లి గూడూరు దగ్గరి మా ఊళ్లో నాయన పూరిల్లు తీసేసి మిద్దె కట్టించాడు. ఏం పెట్టాలి, ఏం మానాలి అని ఏడాది పొడుగునా అరుగు మీద మగవాళ్లతో మంతనాలు. లతలు చెక్కిన ద్వారబంధం, ఎర్రటి సిమెంటు గచ్చు, వరండాకు నున్నటి స్తంభాలు తేలాయి. మస్తాన్ మేస్త్రి వంటింటికి కూడా ఒక కిటికీ అనుకున్నాడు. నాయన వద్దన్నాడు. అటువైపు మా దాయాదుల పెరడు ఉంది. కిటికీ పెడితే మేం ఏ రోజు ఏం వండుకున్నామో వాళ్లకు తెలిసిపోతుంది. చేపల పులుసైతే సరే, ఒట్టి చారు కాచుకున్న రోజు పరువేం కావాలి? ఆ కిటికీ కోసం తెచ్చిన టేకు చట్రం హాల్లో రంగు అద్దాలకు పోయింది. వంటింటికి మిగిలింది ఒక్క తలుపు. రోజూ ఆ పొయ్యి ముందు కూర్చోవాల్సిన అమ్మను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

గృహప్రవేశానికి ముందురోజు చెంగమ్మత్త దిగింది. రంగు అద్దాల వైపు కన్నెత్తి చూడకుండా వంటింట్లోకి వెళ్లి, నాలుగు గోడలూ చూసి వచ్చింది.

"ఏంది రమణయ్యా, వంటిల్లు కట్టినావా, ధాన్యపు కొట్టు కట్టినావా?"

"ఇన్నేళ్లూ పూరింట్లో వండలేదా అక్కా?" అన్నాడు నాయన.

"పూరింట్లో పొగ తాటాకుల సందుల్లోంచి పొయ్యేది. ఈ మిద్దెలో యాడికి పోతాది? నీ పెళ్లాం గుండెల్లోకే కదా!"

నాయన అమ్మ వైపు తిరిగి, "నీకేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు. అమ్మ గచ్చు వైపు చూస్తూ, "ఏం లేదు," అన్నది. నాయన మొహం వెలిగిపోయింది. చెంగమ్మత్త మరి మాట్లాడలేదు. ఆమె ఊరుకుందంటే ఏదో చేయబోతున్నదని మాకెవరికీ తట్టలేదు.

మా వైపు కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. అందుకు పుట్టింటివాళ్లు ఆమెకు చీర పెడతారు. తెల్లవారుజామున, ఊరి జనమంతా హాల్లో నిండి ఉండగా, అత్త కొత్త పొయ్యి ముందు కూర్చుంది. పాలగిన్నె ఎక్కించింది, సరుగుడు పుల్లలు పేర్చింది, చేతులు కట్టుకుంది.

"ముహూర్తం దాటిపోతుందమ్మా," అన్నారు పురోహితులు.

"పోనీండి. గోడకు కన్నం పడితేనే పొయ్యి రాజేసేది."

నాయన మొహం కందిపోయింది. "నలుగురిలో నా పరువు తీయబాకక్కా. చీర తీసుకొని పాలు పొంగించు."

"చీర నీ దగ్గరే పెట్టుకో. నాకు కిటికీ కావాల."

అప్పుడు నాయన నన్ను ముందుకు లాగాడు. నేను తన మాటే అంటానని ఆయన నమ్మకం. "చెప్పు మ్మే, అందరూ వింటారు. మీ అమ్మకు పొగతో ఏమన్నా బాధా?"

అమ్మ కళ్లతోనే వద్దన్నది. చెంగమ్మత్త మాత్రం నన్నే చూస్తున్నది, ఏం చెప్పాలో చెప్పలేదు, ఊరికే చూసింది.

"అమ్మ రాత్రుళ్లు నిద్రపోదు నాయనా," అన్నాను. "దగ్గొస్తే నీకు మెలకువ వస్తుందని కొంగు నోట్లో కుక్కుకుంటుంది."

నాయన అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. "మస్తానూ, గడ్డపార!" అని అత్త కేక పెట్టింది. కొత్త పంచె కోసం వచ్చి నిలబడ్డ మేస్త్రి నాయన వైపు ఒకసారి చూసి, గడ్డపార అందుకున్నాడు. అప్పుడే సున్నం కొట్టిన గోడ, పది దెబ్బలకు ఇటుకలు అవతల పడ్డాయి. తొలి వెలుగు, సముద్రపు గాలి కలిసి లోపలికి వచ్చాయి. పాలు పొంగాయి. ఆ కన్నంలోంచే దాయాదుల ఇంటి కోడలు తొంగి చూసి, "పొంగినాయా వదినా?" అని అమ్మను అడిగింది. ఏ గుట్టు కోసం నాయన ఆ గోడ మూయించాడో, అది మొదటి రోజే అలా బట్టబయలైంది.

చెంగమ్మత్త ఆ రోజు చీర లేకుండానే బండెక్కింది. నాయన సాగనంపడానికి రాలేదు, రెండేళ్లు ఆమె ఊసెత్తలేదు. పుట్టింటి చీర అంటే ఆమెకు ఎంత ప్రాణమో నాకు తెలుసు, బండిలో ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. రంగు అద్దాలు మరుసటి తుఫానుకే పగిలిపోయాయి. వాటి చట్రం తెచ్చి వంటింటి కన్నానికి బిగించారు. ముసలితనంలో నాయన ఆ కిటికీ పక్కనే మంచం వేయించుకుని, వచ్చినవాళ్లతో, "గాలి బాగా వస్తాదని నేనే పెట్టించినా," అనేవాడు. అమ్మ అటు తిరిగి నవ్వుకునేది. ఆ నవ్వు చివర దగ్గు మునుపటంత ఉండేది కాదు.

మేనల్లుడి వంటింట్లో నిలబడి చూశాను. బయటి గోడ వెడల్పుగా కనపడాలని కిటికీ మూసేశారట. "పొగ లాగే మిషను పెడుతున్నాం కదత్తా," అన్నాడు వాడు. వెనకాల వాడి భార్య నిలబడి ఉంది. "నీకేమన్నా ఇబ్బందా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల పాలరాయి వైపు చూస్తూ, "ఏం లేదత్తయ్యా," అన్నది.

ఆ మాట నేను ఒకసారి విన్నాను. మళ్లీ నమ్మను. పాలు పొంగించాల్సిన ఆడపడుచును నేనేనని, చీర కూడా తెచ్చి పెట్టామని మేనల్లుడు గుర్తుచేశాడు.

"చీర లోపల పెట్టు," అన్నాను. "ముందు మేస్త్రిని పిలువు."