ముత్తెమ్మ పెద్దమ్మను మగవాళ్ల కొట్టంలో పెట్టారు

పోయిన మంగళవారం నల్లగొండలో పొద్దున ఏడింటి బస్సెక్కాను. మా ముత్తెమ్మ పెద్దమ్మను మిలిటరీవాళ్లు పట్టుకుపోయి అప్పటికి పదహారు రోజులు. ఆమె మా అమ్మకు అన్నగా పుట్టింది. పన్నెండో ఏట అమ్మమ్మ ఆమెను ఎల్లమ్మ దేవతకు ఒప్పగించి పసుపుపచ్చ చీర కట్టించింది. అప్పట్నుంచి అక్క అయింది. మామా అని పిలవాల్సిన మనిషిని మేం పెద్దమ్మా అని పిలుస్తూ పెరిగాం. ఊళ్లో ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. జాతరలో ముందు నడిచి బోనం ఎత్తాలన్నా ఆమే, పుట్టిన బిడ్డకు మొదటి బొట్టు పెట్టాలన్నా ఆమే.

దేవరకొండ దాకా నిజాం హాలీ సిక్కాలో రూపాయిన్నర, మూడున్నర గంటల దారి. పోలీసు చర్య జరిగి ఏడాది కూడా కాలేదు కదా, రెండుచోట్ల దింపి మూటలు విప్పించారు. అక్కణ్నుంచి ఆమెను పెట్టిన మిలిటరీ క్యాంపు నాలుగు మైళ్లు, ఎడ్లబండే గతి. బండి తోలే మల్లయ్య నా గోడు విని తుపుక్కున ఉమ్మేశాడు.

"కమ్యూనిస్టు దళపోళ్లు చీరలు గట్టి తప్పించుకపోతున్నరట సారూ. గందుకే చీర గట్టినోళ్లకు మగ గొంతుంటె సాలు, గుంజుకపోతున్నరు."

"మరి గా దళపోళ్లన్న ఆమె లాంటోళ్లను మంచిగ చూసిండ్రా?"

"యాడిది! గీ వేషం ఇడిసి మగోని లెక్క తుపాకి పట్టుమన్నరట. గాళ్లకూ సమజ్ గాలే, ఈళ్లకూ సమజ్ గాలే."

నా ఒళ్లు మండిపోయింది. ఎవరి రాజ్యం వస్తేనేం, మా పెద్దమ్మకు జాగా లేదు!

క్యాంపు గేటు మధ్యాహ్నం రెండింటి దాకే తెరిచి ఉంటుంది. లోపల మగవాళ్లకో కొట్టం, ఆడవాళ్లకో కొట్టం. పెద్దమ్మను మగవాళ్లలో పడేశారు. జుట్టు గొరిగేశారు. చిరిగిన చీరకొంగు బోడితలకు చుట్టుకుని వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. గుమాస్తా ఒక కాగితం నా ముందుకు తోశాడు.

"మగోడే, పిచ్చిలేసి చీర గట్టిండు, ఇగ కట్టడు అని రాసి దస్కత్ పెట్టు సారూ. ఇయ్యాల్నే తోల్కపో."

సిగ్గు విడిచి చెప్తున్నా, గబగబా రాశాను. ఎట్లాగైనా ఆమె బయటపడితే చాలనుకున్నాను.

"ఏం రాసినవ్ బిడ్డా, సదువు," అంది పెద్దమ్మ. చదివాను.

"కొట్టెయ్."

"పెద్దమ్మా, సంపుతరే నిన్ను!"

"సంపనీ. మీ అమ్మ సచ్చేదాక నన్ను అక్కా అని పిలిచింది. మీ అమ్మ అబద్దమాడిందని రాస్తవా?"

కొట్టేశాను. గుమాస్తా కాగితం లాక్కుని పర్రున చించాడు. పెద్దమ్మ నా తలమీద చెయ్యి పెట్టి, వెనక్కి తిరిగి కొట్టంలోకి పోయింది.

తిరుగు బస్సులో దారిపొడవునా పళ్లు కొరుకుతూనే ఉన్నాను. రెండు కొట్టాలు కట్టడం తప్ప ఏమీ తెలియనివాళ్లు, ఆ రెంటిలో పట్టని మనిషిదే తప్పంటారు. చదువుకున్నవాళ్లట! అక్షరం ముక్క రాని మా అమ్మమ్మకు నలభై ఏళ్ల కిందటే అర్థమైన సంగతిది. పంతులునై ఉండి నేనూ ఒక్క నిమిషం వాళ్ల చేతిలో కలమయ్యాను. అది తలుచుకుంటే వాళ్లమీద కన్నా నామీదే కోపం వస్తోంది.

మీవాళ్లను చూడ్డానికి ఆ క్యాంపుకు పోయేవాళ్లుంటే ఒక మాట. జొన్నరొట్టెలు, బట్టలు లోపలికి పోనిస్తారు గానీ ఎర్రవైతే గేటు దగ్గరే లాక్కుంటారు. సంచిలో చోటుంటే పసుపుపచ్చ చీర ఒకటి పెట్టుకోండి. ఎవరికని అడుగుతారు. మగవాళ్ల కొట్టంలో ఉన్న ముత్తెమ్మకని గట్టిగా చెప్పండి.