మింగని సత్ప్రసాదం

జగ్గయ్య పోర్టు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. డ్యూటీ దిగి బయటికొచ్చే కళాసీల నడుములు, క్యారేజీ గిన్నెలు తడిమి చూడడమే అతని ఉద్యోగం. లోపలికి వెళ్లేవాళ్లని పెద్దగా పట్టించుకునేవాడు కాడు. బయటికొచ్చేవాళ్ల మీదే అతని అనుమానమంతా.

రిటైరయ్యాక గాజువాక దాటాక ఉన్న మా చిన్న చర్చిలో పనికి కుదిరాడు. గంట కొట్టడం, పీఠం మీద గుడ్డలు మార్చడం, ఆదివారం పూజలో ఫాదర్ ఇన్నయ్యగారు సత్ప్రసాదం పంచుతుంటే జనం గడ్డాల కింద ఇత్తడి పళ్లెం పట్టుకుని పక్కన నడవడం. సత్ప్రసాదం అంటే పల్చటి గోధుమ అప్పం, మాకు అది ప్రభువు శరీరం. అందులో నలుసు కూడా కింద పడకూడదని ఆ పళ్లెం. కాని జగ్గయ్య చూపు పళ్లెం మీద ఉండేది కాదు, నోళ్ల మీద ఉండేది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఎక్కడెక్కడి జనమో పనికి దిగారు. చర్చిలో సగం మొహాలు కొత్తవే. ఎవరు కతోలికులో, ఎవరు బాప్టిస్టులో, ఎవరు ఊరికే చూడ్డానికి వచ్చారో ఫాదర్ గారికి తెలిసే వీల్లేదు. నాలుక చాపినవాళ్లకి పెట్టి ముందుకు సాగిపోయేవారు.

ఆ కొత్తవాళ్లలో ఒక నడివయసు ఆడమనిషి జగ్గయ్య కంట్లో పడింది. రూపాయి కాసంత బొట్టు, చేతులకి పచ్చగాజులు. అందరితోపాటు వరసలో వచ్చింది, నాలుక చాపింది, పుచ్చుకుంది. ఆ తరవాత గుటక వెయ్యలేదు. రెండడుగులు వేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు దించేసరికి చెంగున ముడి ఉంది.

పూజ అయ్యాక జగ్గయ్య గుమ్మం దగ్గర ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

“ఏటమ్మా, మీదే వూరు?”

“పెందుర్తి కాడ బాబూ.”

“జ్ఞానస్నానం పేరేటి?”

“సన్యాసమ్మ.”

“అది జ్ఞానస్నానం పేరు కాదే!”

“మాయమ్మ ఎట్టిన పేరదే,” అని ఆమె జనంలో కలిసిపోయింది.

ఇంటికొచ్చి భార్య నూకాలుతో చెప్పాడు. నూకాలు చేస్తున్న పని ఆపేసింది. “మింగకుండా అట్టుకెళ్తందా? సిల్లంగి, సేతబడి సేసేవోళ్లకి అలాటివే కావాలంటారు. ఎవుడింటి మీదకో ఏటో! ఫాదర్ గారికి సెప్పు.”

ఫాదర్ గారికి చెప్పలేదు. ముందు సరుకుతో పట్టుకోవాలి, తరవాతే ఆఫీసరుకి అప్పగించాలి. పోర్టులో అతను నేర్చుకున్న పద్ధతి అది.

మరుసటి ఆదివారం కూడా ఆమె అలాగే చేసింది. జగ్గయ్య పళ్లెం పీఠం మీద పెట్టేసి, ఆఖరి దీవెన కాకుండానే ఆమె వెనకాల బయల్దేరాడు. ఆమె రోడ్డు దాటి, కూలీల పాకల సందులోకి తిరిగి, చివరి పాకలో దూరింది. అతను తడిక తోసుకుని లోపలికి వెళ్లాడు.

లోపల మంచం మీద ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు. గోడ గూట్లో మూత పెట్టిన రేకు డబ్బా, దాని ముందు వెలుగుతున్న నూనె దీపం ఉన్నాయి. సన్యాసమ్మ చెంగు ముడి విప్పుతోంది. అనుకున్నంతా అయిందనుకున్నాడు జగ్గయ్య.

“ఈ దీపం ఏటి? ఆ డబ్బాలో ఏటుంది? ఎవుడి మీదకి సేత్తన్నావ్ ఇదంతా?”

“అరవకు బాబూ,” అన్నాడు మంచం మీది మనిషి. “అది నా పెళ్లాం. నాను సెప్తాను.”

అతని పేరు దొరబాబు. పుట్టుకతో కతోలికుడు. సన్యాసమ్మని ఇష్టపడి సింహాచలం కొండ మీద పెళ్లి చేసుకున్నాడు. అయినవాళ్లు రావడం మానేశారు. చర్చిలో పెళ్లి కాలేదు గనక తనకి సత్ప్రసాదం కుదరదని అతనికి తెలుసు, అందుకే చర్చి గడప తొక్కడం మానేశాడు. స్టీలు ప్లాంటు పనిలో పరంజా మీంచి పడ్డాక నడుము కింద నుంచి స్పర్శ పోయింది.

“ఓ పాలి, సత్ప్రసాదం తీసుకోవాలనుందే అన్నాను. అంతే. ఇది ఎల్లి తెచ్చీసింది. నాను తిన్నేదు బాబూ. పెళ్లి అలాగ, ఫాదర్ గారికి పాపాలు సెప్పుకునే పాపసంకీర్తనా లేదు, నాకెలాగ దిగుద్ది? అలాగని పారీలేం కదా. డబ్బాలో ఎట్టి దీపం ఎట్టమన్నాను. తేకే అంటే ఇనదు. ఈసారైనా తింటావేమోనని తెత్తంది.”

జగ్గయ్య నమ్మలేదు. “నువ్వు కతోలికుడివైతే విశ్వాస సంగ్రహం సెప్పు.”

దొరబాబు కళ్లు మూసుకుని, కతోలికులంతా కంఠతా పట్టే ఆ జపం మొదలుపెట్టాడు. చివరిదాకా చెప్పాడు. జగ్గయ్య తప్పు దొరుకుతుందేమోనని ఒక్కొక్క మాటే వింటూ నిలబడ్డాడు. దొరకలేదు.

ఫాదర్ గారిని పిలుచుకు రమ్మని జగ్గయ్య అంటే సన్యాసమ్మ కదల్లేదు. “నానెల్లను. ఆయనొత్తే నా బొట్టు తీయిత్తాడు. మా పెళ్లి పెళ్లే కాదంటాడు.” జగ్గయ్యా కదల్లేదు. డబ్బా ముట్టుకోవడానికి భయం, వదిలి వెళ్తే మాయం చేస్తారేమోనని అనుమానం. చివరికి పక్క పాకాయన సైకిలేసుకుని వెళ్లాడు.

ఫాదర్ ఇన్నయ్యగారు వస్తూనే డబ్బా ముందు మోకరించారు. లేచి, సన్యాసమ్మని కూర్చోమన్నారు.

“ఇది నువ్వు పుచ్చుకోకూడదమ్మా. మా వాళ్లకే ఇస్తాం.”

“మీరే సత్ప్రసాదం అంటారు కదా? కొండమీద అప్పన్న ప్రసాదం ఎట్టినప్పుడు నువ్వెవులని ఎవులూ అడగరు. ఇంటికి అట్టుకెళ్లొద్దనీ అనరు.”

“మాట ఒకటే, అర్థం వేరు. నాలుక మీద పెట్టించుకున్నామంటే, ఇది ప్రభువు శరీరమని నమ్ముతున్నాను, ఈ సంఘంతో నేనొకటి అని చెప్పినట్టు. నువ్వు ఆ మాట అబద్ధం కాకుండా చెప్పగలవా?”

“నానెలాగ సెప్తాను? నాకు తెలీదు. ఆయనకి తెలుసు. అందుకే ఆయనకి తెచ్చేను.”

ఫాదర్ గారు చెంగు ముడిలోదాన్ని కూడా డబ్బాలో పెట్టి, చర్చికి తీసుకెళ్లడానికి గుడ్డలో చుట్టారు. తరవాత, మేత్రాణులుగారి, అంటే బిషప్పుగారి, అనుమతి తెప్పిస్తే ఆమె మతం మారకుండానే ఇద్దరికీ చర్చి పద్ధతిలో పెళ్లి జరిపించొచ్చనీ, అప్పుడు దొరబాబుకి తనే ఇంటికి తెచ్చి ఇస్తాననీ చెప్పారు.

“పేరు మార్సరా?”

“మార్చం.”

“బొట్టు?”

“నీ బొట్టు జోలికి ఎవరొస్తారమ్మా? ఎప్పటికైనా నీకు నమ్మకం కలిగి, నువ్వే అడిగితే అది వేరే మాట.”

“అద్గదీ, సివరికి అక్కడికే వొచ్చేరు,” అంది సన్యాసమ్మ. దొరబాబు మంచం మీంచి నవ్వాడు.

అనుమతి వచ్చాక ఆ పాకలోనే పెళ్లి జరిగింది. సాక్షుల్లో జగ్గయ్య ఒకడు. ఫాదర్ గారు చదివిన ప్రతి మాటకీ సన్యాసమ్మ ఆపి అర్థం అడిగింది, అడిగాకే అవునంది. తరవాత ఆయన అందరినీ బయటికి పంపి దొరబాబు పాపసంకీర్తనం విన్నారు, అయ్యాక మళ్లీ లోపలికి పిలిచారు. సత్ప్రసాదం నాలుక మీద పెట్టినప్పుడు అతను చాలాసేపు కళ్లు తెరవలేదు. సన్యాసమ్మ ఖాళీ చేతులతో గోడవారగా నిలబడి, అతని గొంతు కదలడం చూసింది.

దొరబాబు ఆ తరవాత కొన్నేళ్లు బతికి, ఎనభై ఏడులో పోయాడు. సన్యాసమ్మ పెందుర్తి వెళ్లిపోలేదు. ఆదివారాలు చర్చికి వస్తుంది. సత్ప్రసాదం వేళ కాళ్లు ముడుచుకుని పక్కవాళ్లకి దారి ఇస్తుంది. ఎవరైనా కొత్తగా వచ్చి నువ్వూ రావేమని చెయ్యి పట్టుకుంటే, “నాది కాదమ్మా,” అంటుంది. శనివారాలు నూకాలుతో కూర్చుని చింతపండుతో ఇత్తడి సామానంతా తోముతుంది. ఇద్దరికీ మంచి స్నేహం.

జగ్గయ్య ఆమెని మళ్లీ ఒక్క మాట అనలేదు. చర్చి తాళాలు మాత్రం ఆమె చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఆమె కూడా అడగలేదు.