సబ్వేలో పరిచిన తువ్వాల

"నేను యాడ చేయి చాచినానే? ఎవురి ముందర చాచినాను, చెప్పు."

"చేయి చాచలేదు. తువ్వాల చాచినావు. దానికీ దీనికీ ఏం భేదం?"

"తువ్వాల పరుచుకుని కూర్చోమనింది నువ్వే కదా."

"కూర్చోమన్నాను. దాని మీద చిల్లర వేయించుకోమన్నానా?"

"వాళ్ళు వేస్తే నేనేం చేసేది? నా రెండు చేతులూ పిల్లంగోవి మీద ఉంటాయి. వద్దని ఏ చేత్తో చెప్పేది?"

ఆ సాయంత్రం మా ఇంటాయన గోడకు ఆనుకుని, నేను పొయ్యి ముందర కూర్చుని ఇట్లా వాదులాడుకున్నాము. మధ్యాన్నమే హోసూరులోని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను. బస్సులో నోరు విప్పలేదు. నలుగురిలో మొగుణ్ణి తిట్టడం నాకు చేతకాదు. ఇంట్లో అయితే బాగా చేతనవును.

మాది బాగలూరు పక్కన పల్లె. మా ఇంటాయన గొర్రెలు కాసినవాడు. ఊరి వెనక గుట్ట మీద కూర్చుని పిల్లంగోవి ఊదేవాడు. పొద్దు వాలినాక ఊదే పాట ఒకటి ఉండేది, దాన్ని మేము మళ్ళేసే పాట అంటాము. అది వినపడితే గొర్రెలు మేత వదిలి తల ఎత్తి ఇంటి దారి పట్టేవి. గుట్ట చుట్టూ కంపెనీలు వచ్చి కాంపౌండు గోడలు లేచినాక మేపేదానికి జాగా లేకుండా పోయింది. మందను అమ్మేసినాము. ఆ తర్వాత ఆయన పొద్దున లేచి గోడ తట్టు తిరిగి కూర్చునేవాడు. అన్నం పెడితే సగం వదిలేసేవాడు. అన్నం పారేయడం నాకు ఒళ్ళు మండే పని. సగమే పెట్టడం మొదలుపెట్టినాను. అందులోనూ సగం వదిలినాడు.

ఒకనాడు ఏదో పని మీద హోసూరుకు పోయి, బస్టాండు దగ్గర పెద్ద రోడ్డు కింద జనం నడిచిపోయే సబ్వేలో దిగినాడట. ఊరికే ఒక కూత ఊది చూసినాడట. ఆ పొద్దు ఇంటికి వచ్చి, ఎన్నో నెలల తర్వాత, తనంతట తానే నాతో మాట్లాడినాడు. "గుట్ట మాదిరే ఆ గోడ కూడా మారు పలుకుతుందే" అన్నాడు. ఇంకా కొంచెం అన్నం పెట్టమన్నాడు.

ఇంక రోజూ పోవడం మొదలయింది. కంపెనీలో షిఫ్టుకు పోయే మా కోడలు ఆ దారినే నడుస్తుంది. "అత్తా, మామ ఊదుతుంటే జనం నడక తగ్గిస్తుండారు" అని వచ్చి చెప్పింది. దానికి ఆయన, "గొర్రెలైనా మనుషులైనా మళ్ళేసే పాటకు అంతే" అన్నాడు. "నిన్ను నమ్మి ఆ జనం మన ఇంటికి రాకుండా ఉంటే చాలు, అంతమందికి వండేదానికి నా వల్ల కాదు" అన్నాను నేను.

నాకు వచ్చిన చిక్కల్లా పంచెతోనే. సిమెంటు నేల మీద కూర్చుని వచ్చి తెల్ల పంచెకు నల్ల మరక చేసుకునేవాడు. ఎంత రుద్దినా పోదు, సబ్బు కరిగిపోతుంది. పాత తువ్వాల ఒకటి చేతికిచ్చి, దీన్ని పరుచుకుని కూర్చో అని నేనే చెప్పినాను. తువ్వాల పెద్దది. ఆయన బక్క మనిషి. ఆయన కూర్చోగా మిగిలిన జాగాలో దారిన పోయేవాళ్ళు చిల్లర వేసినారు. ఉతకబోతే తువ్వాల కొసన ముడిలో నుంచి ఆ చిల్లర రాలింది. మా వంశంలో అడుక్కుని తిన్నవాళ్ళు లేరు. దాన్ని వంటకు వాడనని చెప్పేసినాను. సబ్బుకు మాత్రం వాడినాను. ఆ మరకలూ సబ్వేలో అంటినవే కదా.

ఇంతలో బస్టాండు చుట్టూ దారులు ఖాళీ చేయించాలని ఆర్డరు వచ్చింది. సబ్వే మెట్ల దగ్గర బోర్డు పెట్టినారు. నేను బడికి పోయింది కొన్నాళ్ళే అయినా తమిళం అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. బిచ్చమెత్తేవాళ్ళు, పాడేవాళ్ళు, వాద్యం వాయించేవాళ్ళు ఈడ కూర్చోకూడదు అని ఉండింది. ముగ్గుర్నీ ఒకే వరసలో రాసినారు. నాకు చురుక్కుమనింది. కానీ ఇంట్లో నేనన్నదీ అదే మాట కదా అని కూడా అనిపించింది.

ఆయనకు చదువు రాదు. బోర్డు కిందనే పోయి కూర్చున్నాడు. మున్సిపాలిటీవాళ్ళు వచ్చి వ్యానులో ఎక్కించుకుని పోయినారు. కోడలు ఫోను చేస్తే నేను పరిగెత్తినాను.

ఆఫీసులో ఉండినాయన చిన్న వయసు, మర్యాదస్తుడే. తమిళంలో అడిగినాడు, నేను తెలుగులో చెప్పినాను. ఇద్దరికీ అర్థమయింది.

"ఊదితే తప్పు లేదవ్వా. తువ్వాల పరిస్తే అది బిచ్చమే."

"ఆ తువ్వాల కూర్చునేదానికప్పా. పంచె మాసిపోతుందని నేనే ఇచ్చినాను."

ఆ ఆఫీసాయన తువ్వాలను, మా ఇంటాయన పంచెను మార్చి మార్చి చూసినాడు. "పంచె తెల్లగానే ఉంది" అన్నాడు. నవ్వు ఆపుకున్నట్టు ఉండింది. పిల్లంగోవి తిరిగి ఇచ్చి, "ఇంకొక తూరి దొరికితే కృష్ణగిరి దారిలో బిచ్చగాళ్ళను పెట్టే హోము ఉంది, ఆడికి పంపేస్తారు. అప్పుడు నా చేతిలో ఉండదు" అని చెప్పినాడు.

ఆ హోము మాటే సాయంత్రం పొయ్యి ముందర నాలో ఉడుకుతుండింది. పోతే ఆయన్ని ఎత్తుకుపోతారు. పోకపోతే మళ్ళీ గోడ తట్టు తిరిగి కూర్చుంటాడు. ఏది మేలో నాకు తెలియలేదు.

"రేపు కూడా పోతాను. తువ్వాల లేకుండానే పోతాను" అన్నాడు ఆయన.

"ఉత్త నేల మీద కూర్చుంటే పంచె ఎవురు ఉతికేది?"

ఆ మాట అన్నాక గానీ నాకు తెలియలేదు, పోవద్దని చెప్పడం మానేసి పంచె గురించి మాట్లాడుతుండానని. ఆయనకు అప్పుడే తెలిసిపోయింది. పిల్లంగోవి తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టినాడు. నేను తువ్వాల తీసి పెట్టె అడుగున పెట్టినాను.

మరుసటి పొద్దున నేను కూరగాయలు తరిగేటప్పుడు కూర్చునే పీట తీసుకుని ఆయనతోపాటు బస్సెక్కినాను. సబ్వే కడిగి బ్లీచింగు పొడి చల్లినారు. కొత్తగా ఒక గార్డును పెట్టినారు. పీట కింద పెట్టేలోగానే ఆ అబ్బాయి, "ఈడ కూర్చోకూడదు తాతా" అన్నాడు.

"నిలబడొచ్చా అప్పా?" అని నేను అడిగినాను.

అతను మెట్ల దగ్గరి బోర్డు తట్టు చూసినాడు. "నిలబడేది రాయలేదు అవ్వా" అన్నాడు.

ఆయన గోడకు వీపు ఆనించి నిలబడి ఊదినాడు. మళ్ళేసే పాటే ఊదినాడు. అన్నం డబ్బా చేతిలో పట్టుకుని కంపెనీకి పోయే ఒకాయన ఆగి, చిల్లర తీసి, యాడ వేయాలా అని కింద చూసినాడు. ఏమీ లేదు. నా వైపు చూస్తే నేను తల అడ్డంగా ఊపినాను. చిల్లర జేబులో వేసుకుని, పాట అయ్యేదాకా నిలబడి విని పోయినాడు. గార్డు మెట్ల మీద నుంచి చూసినాడు, దిగి రాలేదు.

ఆయన మోకాళ్ళు ఆ ఒక్క పాటకే ఓర్చుకున్నాయి. వచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చేసినాము. పీట నేనే మోసుకొచ్చినాను. ఇంట్లో ఆయన అన్నం మిగల్చకుండా తిన్నాడు.