కుట్టు లోపలి బట్ట

మా పక్క వాటాలో ఉండే దర్జీ అమ్మాయి నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా వీధిలో వాళ్లందరికీ జవాబులు చెప్పగలదు. పిల్లల గౌన్లకు ఆమెది పెట్టింది పేరు. ఎవరి గౌను కుట్టినా పక్క కుట్ల లోపల కాస్త ఎక్కువ బట్ట వదులుతుంది. పిల్ల ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవచ్చు.

"పెరిగే పిల్లలు కదా పెద్దమ్మా, ముందే చోటు పెట్టాలి" అంటుంది.

నిరుడు కూతురికి తన కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ వసపిట్టలా వాగే పిల్ల ఇంటికొచ్చాక మూగనోము పట్టింది. మాత్రలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది, మింగేది కాదు. అవి మానేస్తే పెట్టిన కిడ్నీ నిలవదు. తల్లి బతిమాలింది, కసిరింది, ఏడ్చింది. ఆసుపత్రిలో పిల్లలతో మాట్లాడే మేడమ్ మాత్రం, "ఏదో భయం పెట్టుకుంది. బలవంతపెట్టకుండా పక్కన కూర్చోండి, తనే చెబుతుంది" అంది.

పక్కన కూర్చోవడం నాకొకరు నేర్పాలా? బఠాణీ కాయల గిన్నె పట్టుకుని వెళ్లి చతికిలబడ్డాను. పిల్ల కొత్త గౌను తిరగేసి కుట్లు తడుముతోంది.

"ఏం వెతుకుతున్నావే?"

"బట్ట. అందరి గౌన్లలో వదులుతుంది అమ్మ. ఆపరేషన్ అయ్యాక నా గౌన్లలో వదలట్లేదు." గొంతు తగ్గించాననుకుంది. "నేనింక పెరగనని అమ్మకి తెలుసు అమ్మమ్మా. మరి మాత్రలెందుకు?"

అవతల మిషన్ ఆగింది. తల్లి సూదులు ఉమ్మేసి పరుగెత్తుకొచ్చింది.

"ఓసి పిచ్చిమొహమా! కుట్టు మందంగా ఉంటే నీ మచ్చకి ఒరుసుకుంటుందని కత్తిరించేశానే!"

"మరి చెప్పొచ్చుగా?"

"నువ్వడగొచ్చుగా?"

"హమ్మయ్య, ఇద్దరికీ నోళ్లున్నాయి" అన్నాను.

తల్లి అప్పటికప్పుడు ఆ గౌను కింది అంచు విప్పి, మిగిలిన బట్ట అతుకు వేసి లోపలికి మడిచింది. "ఎంత పెట్టమంటావు?"

పిల్ల జానెడు చూపించింది.

"అంతా? గౌనా, గోనెసంచా?"

"పెట్టు."

బేరమాడి సగానికి ఒప్పుకున్నారు. పిల్ల ఆ పూట మాత్రలు వేసుకుంది. మర్నాడు మళ్లీ మొండికేసింది. ఒక్క పూటలో వదిలే భయమా అది? మేడమ్ దగ్గరికి ఇప్పటికీ వెళుతున్నారు. కాకపోతే ఇప్పుడు పిల్ల తల్లితో పోట్లాడి మరీ మింగుతోంది.

మొన్న గౌను పొట్టిదైపోతే ఆ మడత విప్పి దించారు. పాత మడత గీత అడ్డంగా తెల్లగా కనబడుతోంది. తల్లి ఇస్త్రీ చేసి చెరిపేస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు. ఆ గీత వీధి వీధంతా చూపించుకొచ్చింది.