నేను బిగించిన వాన పైపు

ఆ రోజుల్లో నాకు రెండే రెండు భయాలుండేవి. ఒకటి మా మేనేజరు. రెండోది, మా ఓనరమ్మ ఏదో ఒక రోజు "ఎప్పుడు ఖాళీ చేస్తవ్?" అని అడుగుతుందేమోనని. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న కాలం. నేను కాకినాడ వైపు నుంచి వచ్చి, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసుకుంటూ, బోరబండలో ఒక మేస్త్రీగారి మేడ మీద రేకుల గదిలో అద్దెకుండేవాణ్ణి. నిజానికి ఆ ఇంట్లో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అన్నది లేదు. అయినా ఓనరమ్మ, అంటే మేస్త్రీగారి భార్య, మెట్ల కింద నిలబడి "బిడ్డా" అని పిలిస్తే చాలు, నా గుండె జారిపోయేది. ఆ ప్రశ్న వస్తే చెప్పాల్సిన జవాబును రోజూ అద్దం ముందు సాధన చేసేవాణ్ణి ("ఈ నెలాఖరుకి చూసుకుంటానండీ" అనాలి, గొంతు వణక్కూడదు).

ఒక రోజు ఆవిడ నిజంగానే పిలిచింది. "ఏందిరా బిడ్డా, నీ రేకుల నీళ్ళన్ని మా గోడకే కారుతున్నయ్. సున్నమంత పోయింది, జూడు" అంది. నా గది రేకుల అంచున వాన నీళ్ళు పట్టే రేకు కాలువ ఒకటుండేది. అందులోంచి మూడు ప్లాస్టిక్ పైపులు ఒకదానికొకటి అతుక్కుని, మెట్ల పక్కనుంచి వీధిలోకి దిగేవి. అతుకు అతుకుకీ కారడమే. ఊరందరి ఇళ్ళూ కట్టే మేస్త్రీగారు తన ఇంటి పైపు దగ్గరికొచ్చేసరికి "రేపు జూద్దాం తియ్" అనేవారు. ఆవిడ అన్నది గోడ గురించే. నాకు మాత్రం "నీ రేకుల నీళ్ళు" అన్న మాటలో నోటీసు వినిపించింది. ఆ పైపు బాగుచేసి చూపిస్తే తప్ప ఆ గది నాకు దక్కదని తీర్మానించుకున్నాను.

మర్నాడే బంద్. ఆఫీసు లేదు, దుకాణాలూ లేవు. అతికించడానికి సొల్యూషన్ గానీ, బిగించడానికి క్లాంపులు గానీ దొరకలేదు. అయినా తగ్గలేదు. మూడు పైపులూ ఊడదీసి, కాలువలోంచి ఆకులూ, ఒక టెన్నిస్ బంతీ బయటికి లాగి, అన్నీ శుభ్రంగా కడిగాను. ప్రతి పైపుకీ ఒక చివర మూతి వెడల్పుగా ఉంది. అది పైకుండాలా, కిందికుండాలా? చాలాసేపు ఆలోచించి, కుండ మీద మూత బోర్లించినట్టు వెడల్పు మూతి కిందికి పెట్టాను. క్లాంపుల బదులు, పాత కంపెనీలో కార్డు తగిలించుకున్న మెడ తాళ్ళతో మెట్ల కమ్మీలకి కట్టేశాను. పైనుంచి ఒకే ఒక్క చెంబు నీళ్ళు పోసి చూశాను. అతుకు దగ్గర కాస్త తడి కనబడితే నా చేతి చెమటనుకున్నాను. పాస్! (నేను టెస్ట్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎవరైనా వాడి ఉంటే, ఈ సందర్భంగా నా క్షమాపణలు.)

ఆ రోజే మా గల్లీలో వంటా వార్పు. అంటే ఉద్యమకారులంతా రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండుకుని, కలిసి తినడం. ముందు నిలబడి నడిపిస్తున్నది మేస్త్రీగారు, గరిటె పట్టుకున్నది ఓనరమ్మ. కిచిడీ ఎసరు మరుగుతుండగా చినుకులు మొదలయ్యాయి. నలుగురు కలిసి పొయ్యినీ గుండిగనీ తెచ్చి మా మెట్ల పక్కన సజ్జ కింద పెట్టారు. సరిగ్గా నా పైపు దగ్గర. నేను పైనుంచి నా పనితనాన్ని మురిపెంగా చూసుకుంటున్నాను. వాన జోరందుకుంది. ముందు పై అతుకు చిమ్మింది, తర్వాత కింది అతుకు. నేను పరుగున నాలుగు మెట్లు దిగి పై పైపు పట్టుకున్నాను. అది నా చేతిలోకే వచ్చేసింది. మధ్య పైపు పక్కకి ఒరిగింది. రేకుల మీది నీళ్ళన్నీ మెట్ల మీదుగా సజ్జ కిందికి దూకి, నేరుగా పొయ్యిలో పడ్డాయి. బుస్సుమని పొగ లేచింది.

"ఎవడ్రా నీళ్ళు వోసింది?" అని అరిచారెవరో.

"మేస్త్రీ ఇంట్ల కిరాయికుంటడు గద, ఆంధ్ర పిల్లగాడు!"

గల్లీ అంతా తలెత్తి చూసింది. పైన నేను, చేతిలో పైపుతో. కిందికి దిగి, "ఈ నెలాఖరుకి చూసుకుంటానండీ" అన్నాను. గొంతు వణికింది.

మేస్త్రీగారు నా మాట వింటే కదా! ఆయన పైపునే చూస్తున్నారు. "ఓర్నీ, గిట్ల తలకిందులు వెట్టినవేంది? మూతి పైకుండాలె బిడ్డా. పైది కిందిదాంట్ల దిగాలె, గప్పుడే నీళ్ళు లోపల్నే పోతయ్" అని పగలబడి నవ్వారు. ఆయన నవ్వితే గల్లీ నవ్వింది. నినాదాలు పక్కనపెట్టి పదిమంది మెట్లెక్కారు. పది నిమిషాల్లో పైపు నిలబడింది. సలహాలు మాత్రం అరగంట సాగాయి. ఓనరమ్మ మళ్ళీ పొయ్యి రాజేసి, "ఫికర్ జెయ్యకు. జర గీ ఉల్లిగడ్డలు కొయ్" అని కత్తి నా చేతిలో పెట్టింది. కోస్తుంటే కళ్ళ వెంట ఒకటే నీళ్ళు. "పాపం, ఏడుస్తుండు" అన్నారెవరో. "ఉల్లిపాయలండీ" అన్నాను. అది సగమే నిజం. కిచిడీ పొగ వాసన కొట్టింది. మొదటి పళ్ళెం నాకే పెట్టారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది, నాకు పెళ్ళీ కుదిరింది. మణికొండలో ఫ్లాటు చూసుకుని, ఖాళీ చేస్తున్నానని చెప్పడానికి కిందికి వెళ్ళాను. ఓనరమ్మ చేస్తున్న పని ఆపేసి, "ఎందుకు పోతవ్‌రా బిడ్డా? ఈడ నీకేం తక్కువైంది?" అంది. అన్నేళ్ళూ అద్దం ముందు నేను సాధన చేసింది వేరే ప్రశ్నకి. ఇప్పటికీ వాన పడ్డప్పుడల్లా బాల్కనీలోకి వెళ్ళి, పైపు మూతి పైకే ఉందో లేదో చూసి, ఆ పిరికి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. చివరికి ఆవిడ అడగబోయేది "ఎందుకు పోతవ్?" అనేనని ముందే తెలిసుంటే వాడు ఆ పైపు జోలికే వెళ్ళేవాడు కాదు. ఆ కిచిడీ కూడా దక్కేది కాదు.