టిఫిన్‌కి రూబార్బ్ కేకు

మా ఇంట్లో వారానికి రెండు రోజులు పొద్దుటి టిఫిన్ కేకు. చేసేది నేను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి చెప్పినా మనవాళ్ళు కాస్త ఇబ్బందిగా నవ్వుతారు. రెండూ కలిపి చెబితే మాట మారుస్తారు. మొదట్లో నేనూ మార్చేవాణ్ణి. ఇప్పుడు మార్చను.

ఆక్లండ్‌లో నేను పనిచేసిన కంపెనీ ఒక మంగళవారం మధ్యాహ్నం మా టీమ్ మొత్తాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇక మీ అవసరం లేదని మర్యాదగా చెప్పింది. అప్పటికి నాకు నలభై మూడేళ్ళు. పాపకూర అనే శివారులో అద్దె ఇల్లు, ఎనిమిదేళ్ళ కూతురు, నర్సుగా పనిచేసే భార్య. రెండు నెలలు తిరిగినా నాకు ఉద్యోగం రాలేదు. ఈలోగా ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రిలో నా భార్యకు పెద్ద పోస్టు వచ్చింది. దేశానికి ఉత్తరాన ఆ చివర నుంచి దక్షిణాన ఈ చివరకు సామాను సర్దుకుని జూన్‌లో దిగాం. ఇక్కడ జూన్ అంటే చలికాలం నడిబొడ్డు. కిటికీ అద్దాలకు లోపలి వైపు కూడా నీళ్ళు పట్టేవి.

"నాకు పని దొరికేదాకా ఇల్లు నేను చూసుకుంటాను" అన్నాను నా భార్యతో. ఆ మాట ధైర్యంగా అనలేదు. తప్పు చేసినవాడు శిక్ష ఒప్పుకున్నట్టు అన్నాను.

ఆమెకు ఎక్కువగా నైట్ డ్యూటీలు పడేవి. పన్నెండు గంటలు నిలబడి, పొద్దున ఏడున్నరకు ఇంటికి వచ్చేది. బూట్లు విప్పి, సింకు దగ్గరే నిలబడి ఒక బ్రెడ్ ముక్క నమిలి, పడుకోవడానికి వెళ్ళిపోయేది. నాకు అప్పటికి వచ్చింది టీ, అన్నం, కోడిగుడ్డు కూర. ఉప్మా చేస్తే ఉండలు కట్టేది. దోసె పెనానికి అతుక్కుని వచ్చేది కాదు. ఆమె ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది.

సెప్టెంబరు చివర్లో ఒక పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, కంచె అవతలి నుంచి పక్కింటి ముసలావిడ పిలిచింది. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఊరి బయట పాడి ఆవుల ఫారం ఉండేదట. భర్త పోయాక అమ్మేసి టౌనులోకి వచ్చింది. వేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయాయి. చేతిలో ఎర్రటి కాడల మోపు ఒకటి పట్టుకుని ఉంది. దూరం నుంచి చూసి తోటకూర అనుకున్నాను.

"రూబార్బ్. తీసుకో. నేను ఇక పిండి కలపలేను, ఈ చేతులతో" అంది. "ఆకులు మాత్రం తినకు. విషం. కాడలే తినాలి."

ఒక కాడ చివర కొరికి చూశాను. పులుపు చెవుల దాకా వెళ్ళింది. చుక్కకూర పులుపే, కాకపోతే పదింతలు. పప్పులో వేస్తే బాగుంటుందని మనసులో అనుకుంటుండగానే ఆవిడ అడిగింది, "కేకు చేయడం వచ్చా?" అని.

రాదన్నాను.

"ఎవరికైనా వస్తుంది ఇది. మా ఆయన ఐదింటికి ఆవుల దగ్గరికి వెళ్ళి ఏడింటికి వచ్చేవాడు. రాగానే వేడి కేకు ముక్క, పైన చల్లటి పాలు. నలభై ఏళ్ళు అదే బ్రేక్‌ఫాస్ట్."

"పొద్దున్నే కేకా?"

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "కేకు సాయంత్రమే తినాలని నీకెవరు చెప్పారు?"

చేతిలోని తడి చొక్కా తీగ మీద వేసి, ఎలా చేయాలో చెప్పమన్నాను.

అది ఎంత సులువైన కేకు అంటే, ఆవిడ కంచె మీద మోచేతులు ఆనించి చెప్పినదంతా నేను బట్టల క్లిప్పులు చేత్తో పట్టుకునే గుర్తుపెట్టుకున్నాను. రెండు కప్పుల మైదా, కప్పుకి కాస్త తక్కువ పంచదార, ఒక గుడ్డు, అరకప్పు కరిగించిన వెన్న, చెంచాడు వంటసోడా, ఒక కప్పు పుల్లటి మజ్జిగ. అన్నీ కలిపాక అంగుళం ముక్కలుగా తరిగిన రూబార్బ్ అందులో వేయడం. పైన దాల్చినచెక్క పొడి, ఇంకాస్త పంచదార చల్లి ఓవెన్‌లో పెట్టడం. మజ్జిగ అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. మా ఫ్రిజ్‌లో మజ్జిగ లేని రోజు లేదు.

మొదటిసారి ఆశకొద్దీ కాడలన్నీ వేసేశాను. అడుగున ముద్దముద్దగా మిగిలింది. చెంచాతో తిన్నాం. రెండోసారి సరిగ్గా వచ్చింది. పైన పంచదార పెళుసుగా పొర కట్టింది, లోపల ఎర్రటి ముక్కలు మెత్తబడి పులుపు వదిలాయి. ఆ రోజు నా భార్య తలుపు తీసేసరికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన. ఆమె బూట్లు విప్పలేదు. యూనిఫాంలోనే బల్ల దగ్గర కూర్చుంది. ఈ ఊరు వచ్చాక డ్యూటీ నుంచి వచ్చి ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. రెండు ముక్కలు తింది. మూడో ముక్క సగం విరుచుకుంటూ, రాత్రి వార్డులో ఒక పెద్దాయన నోరు తిరగని ఆమె తెలుగు పేరు పలకడానికి ఎలా తంటాలు పడ్డాడో చెప్పి నవ్వింది. నేను నవ్వలేదు. ఆమెను చూస్తూ ఉన్నాను.

నవంబరులో మా మామయ్యగారు వచ్చారు. తెనాలి దగ్గర హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. మూడు నెలలు కూతురి దగ్గర ఉండాలని వచ్చారు. మంచివారే. మనవరాలికి లెక్కలు చెప్పేవారు, తోటలో కలుపు తీసేవారు. కానీ నేను ఏప్రన్ కట్టుకుని పిండి కలుపుతుంటే ఆయనకు ఎటు చూడాలో తెలిసేది కాదు. కిటికీలోంచి బయటికి చూసేవారు.

వచ్చిన నాలుగో రోజు పొద్దున అన్నారు, "అల్లుడుగారూ, మీకెందుకీ శ్రమ? మీరు వదిలేయండి. అమ్మాయి వస్తుందిగా, వచ్చి టిఫిన్ వేసి పెడుతుంది."

ఆ అమ్మాయి ఆ సమయానికి పన్నెండో గంట నిలబడి ఉంది. ఎవరికో సెలైన్ మారుస్తూ ఉంటుంది.

"తను వచ్చి పడుకుంటుంది మామయ్యగారూ. వేసి పెట్టదు" అన్నాను.

ఆయన కేకు ముట్టుకోలేదు. గుడ్డు పట్టింపు కాదు, మధ్యాహ్నం ఆమ్లెట్ వేస్తే ఇష్టంగా తినేవారు. పొద్దున్నే తీపేంటని ఒక అభ్యంతరం. అల్లుడు చేయడమేంటన్నది అసలు అభ్యంతరం. మా అమ్మాయి "తాతయ్యా, ట్రై చెయ్, ఇట్స్ సో యమ్మీ" అని ముక్క నోటి దాకా తీసుకెళ్తే, "నువ్వు తిను తల్లీ" అని తల తిప్పుకునేవారు.

ఆయన పాత సహోద్యోగి ఒకరు అప్పుడే ఇదే దేశంలో టౌరంగా అనే ఊళ్ళో కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు. ఇద్దరు మాస్టార్లూ రోజూ ఉదయం ఏడింటికి వీడియో కాల్‌లో మాట్లాడుకునేవారు. ఒక గురువారం నేను కేకు ఓవెన్‌లో పెట్టి, చేతులు పిండితో ఉండగానే ముందు గదిలోకి వచ్చాను. మామయ్యగారు సోఫాలో నాకు వీపు పెట్టి కూర్చుని ఫోన్‌లోకి చెబుతున్నారు.

"అల్లుడుగారా? ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు మాస్టారూ. ఇక్కడ ఏదో పెద్ద ప్రాజెక్టు ఆయన చేతి కింద నడుస్తోంది. ఊపిరాడని పని."

నేను వెనక్కి వెళ్ళిపోవచ్చు. వంటింట్లో కుళాయి తిప్పి చప్పుడు కాకుండా చేతులు కడుక్కోవచ్చు. ఏడు నెలలుగా చేస్తున్నది అదే కదా. ఎవరైనా ఫోన్ చేస్తే "కొంచెం బిజీ" అనడం, పాత స్నేహితుల మెసేజ్‌లకు జవాబు ఇవ్వకపోవడం. కానీ ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. నేను ఆ ఇంట్లోనే నిలబడి ఉండగా, నన్ను నేను లేని ఆఫీసుకు పంపించేశారు.

సోఫా వెనకనుంచి వంగి ఫోన్‌కి ఎదురుగా మొహం పెట్టాను.

"నమస్కారమండీ మాస్టారూ. నేను ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. ఇల్లు నేనే చూసుకుంటున్నాను. ఇప్పుడు కేకు చేస్తున్నానండీ, టిఫిన్‌కి."

అవతల ఆయన నోరు కాసేపు తెరుచుకునే ఉంది. తర్వాత "అలాగా బాబూ, మంచిది, మంచిది" అని, సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశారు. నా పిండి వేళ్ళ ముద్రలు సోఫా వీపు మీద పడ్డాయి.

మామయ్యగారు లేచి నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళు బడి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి. "మీరు చేసింది సబబుగా ఉందా?" అని మాత్రం అడిగి తన గదిలోకి వెళ్ళిపోయారు.

నా భార్య వచ్చేసరికి ఆయన గుమ్మం దగ్గరే ఎదురయ్యారు. "మీ ఆయన నా పరువు తీశాడమ్మా" అన్నారు. ఆమె ఒకసారి నావైపు, ఒకసారి ఆయనవైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కాసేపు ఊరుకోవచ్చుగా నువ్వు?" అంది నాతో.

అది తగిలింది. ఆమె నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను.

"ఊరుకోలేను" అన్నాను. "నేనేం దొంగతనం చేయట్లేదు దాచుకోవడానికి."

ఆమె ఏమీ తినకుండా వెళ్ళి పడుకుంది. నేను కేకు తీసి బల్ల మీద పెట్టాను. నేనూ మా అమ్మాయీ తిన్నాం. బాగానే ఉందనుకుంటాను, రుచి నాకు తెలియలేదు. క్షమాపణ చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ణి కాదు.

మూడు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే. నేను మాత్రం మానలేదు. ఆదివారం పొద్దున మళ్ళీ పక్కింటికి వెళ్ళి, ఆవిడ చూపించినట్టు కాడను కోయకుండా మెలితిప్పి లాగి, చేతినిండా తెచ్చుకున్నాను.

సోమవారం నా భార్య డ్యూటీ నుంచి వచ్చి బల్ల దగ్గర కూలబడింది. ఒక కాలి బూటు విప్పింది, రెండోది విప్పుతోంది. మామయ్యగారు పేపరు మడిచి, మామూలుగా, చిన్నప్పటి నుంచీ అలవాటైన గొంతుతో అన్నారు, "అమ్మాయీ, రెండు ఇడ్లీ వెయ్యమ్మా."

ఆమె బూటు చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

"నాన్నా, నేను రాత్రంతా నిలబడి వచ్చాను. ఈ ఇంట్లో పొద్దుటి వంట ఆయనది. మీ కోసం నిన్న ఇడ్లీకి పప్పు కూడా నానబోశారు, మీరే ఆయన్ని అడగలేదు. ఆయన పెట్టింది తినండి. లేకపోతే మీరే వేసుకోండి. నేను మాత్రం వెయ్యను."

గొంతు పెంచలేదు. రెండో బూటు కూడా విప్పి గోడ పక్కన పెట్టింది. కేకు పళ్ళెం తన వైపు లాక్కుని, ముక్క మీద పాలు పోసుకుంది.

మామయ్యగారు పేపరు విప్పి, మళ్ళీ మడిచారు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళారు. అలమరలు తెరిచి మూసిన చప్పుళ్ళు వినిపించాయి. అలా ఐదు నిమిషాలు గడిచాక ఆయన గొంతు, "ఈ స్టవ్ ఎలా వెలిగించాలి?"

మా స్టవ్ నున్నటి గాజు పలక. మీటలు లేవు. వెళ్ళి చూపించాను. బొంబాయి రవ్వ ఎక్కడుందో చెప్పాను. అంతకు మించి సాయం చేయలేదు, ఆయన అడగలేదు. డెబ్బై రెండేళ్ళ వయసులో ఆ మనిషి మొదటిసారి పోపు వేశారు. ఆవాలు మాడాయి. నీళ్ళు ఎక్కువయ్యాయి. ఆ జారుడు ఉప్మా కంచంలో పోసుకుని, నాకెదురుగా కూర్చుని, కొంచెం కూడా వదలకుండా తిన్నారు. నేను కేకు తిన్నాను. ఇద్దరం తల ఎత్తలేదు. మధ్యలో నా భార్య ఒకసారి దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మర్నాడు కూడా ఆయనే లేచి ఉప్మా చేసుకున్నారు. ఆ మర్నాడూ. ఇద్దరం పంతం పట్టాం. రెండు వారాలకు ఉండలు కట్టడం మానింది, నాకు ఇప్పటికీ కుదరని విద్య అది. నెల తిరిగేసరికి అల్లం, పచ్చిమిర్చి సన్నగా తరగడం వచ్చింది. "మీకూ వెయ్యనా?" అని ఒకరోజు పళ్ళెం చూపించి అడిగారు. వేయించుకున్నాను. బాగుందని చెప్పాను, నిజంగానే బాగుంది. ఆయన మాత్రం వెళ్ళేదాకా నా కేకు రుచి చూడలేదు. సరే, అది ఆయన హక్కు.

ఆయన వెళ్ళాక నేను మళ్ళీ దరఖాస్తులు మొదలుపెట్టాను. ఆక్లండ్‌లో ఉన్న ఒక స్నేహితుడు ఫోన్‌లో సలహా ఇచ్చాడు. "రెజ్యూమేలో ఆ ఖాళీ కనపడనీయకు రా. ఫ్రీలాన్స్ కన్సల్టెంట్ అని రాసెయ్. అందరూ అదే రాస్తారు."

రాయలేదు. మొదటి ఇంటర్వ్యూలో ఆ ఏడాది ఏం చేశారని అడిగారు. "ఇంట్లో ఉన్నాను. కూతుర్ని చూసుకున్నాను, వంట చేశాను" అన్నాను. అడిగినాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. రెండో చోటా అడిగారు. అదే చెప్పాను, ఇంకొంచెం గట్టిగా. ఇంటర్వ్యూ చేసిన ఇద్దరిలో ఒకామె, "మరి మళ్ళీ పనిలో పడటం కష్టం కాదా?" అంది.

"నేను ఇన్నాళ్ళూ పనిలోనే ఉన్నాను" అన్నాను.

మా ఊళ్ళోనే ఉన్న చిన్న కంపెనీ అది. వారం తర్వాత ఫోన్ చేసి ఉద్యోగంలో చేరమన్నారు. జీతం పాత దానికంటే తక్కువ. రోజూ తొమ్మిదింటికి రావాలన్నారు. కుదరదన్నాను. నా భార్య ఏడున్నరకు వస్తుంది, తను తిని పడుకున్నాక అమ్మాయిని బడిలో దించాలి, పదింటికైతే వస్తానన్నాను. ఉద్యోగం లేనివాడు షరతు పెట్టడం ఏమిటని వాళ్ళు అనుకుని ఉంటారు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

రెండు రోజులు ఆలోచించి చెబుతామన్నారు. మూడో రోజు ఒప్పుకున్నారు.