గుడి దిబ్బ వెనక వాలు

చరిత్ర పాఠాలు మొదలయ్యే తరగతికి చేరకముందే బడి మానేసిన ఘనుణ్ణి నేను. అలాంటి నన్ను వెతుక్కుంటూ చరిత్రే జీపు వేసుకుని మా ఊరికి వచ్చింది. అరవనాట పెన్నాగరం దారిలో ఉన్న మా ఊరి గుడి ఒక పెద్ద మట్టిదిబ్బ మీద ఉంటుంది. ఆ దిబ్బ గుడి వెనకనుంచి కట్టలాగా సాగి చేలదాకా పోతుంది. దాని కింద పాతకాలపు మట్టికోట ఉండొచ్చునట. తవ్వి చూడడానికని జీపులో వచ్చినవాళ్లు చివరి వాలులో సున్నంతో గీతలు గీశారు.

"ఉండనీ మేడమ్, మా ఊళ్లో రాజు పోస్టు ఎప్పట్నించో ఖాళీ" అని అరవంలో అన్నాను. వాళ్లతో వచ్చిన ఆఫీసరమ్మ కూడా నవ్వింది. సున్నం గీత ఎందాకా పోయిందో చూశాక నాకు నవ్వు రాలేదు.

పళ్లు రాని బిడ్డ పోతే మాలో కాల్చరు. ఆ వాలులోనే పూడుస్తారు. గుర్తుకు రాయి పెట్టరు. తల్లి అక్కడికి రాకూడదు. పూడ్చినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. మా తొలి కూతుర్ని పాత చీర ముక్కలో చుట్టి నేనే ఎత్తుకుపోయాను. పెద్దలు చెప్పినట్టే తిరిగి చూడకుండా వచ్చేశాను.

విషయం చెబితే ఆఫీసరమ్మ గొంతు తగ్గించింది. "ఎక్కడో చూపించండయ్యా, ఆ చోటు వదిలేస్తాం."

ఒకచోట చూపించాను. కాదనిపించి ఇంకోచోట చూపించాను. ఇన్నేళ్ల వానలకు మట్టి జారింది, సీమతుమ్మ కమ్మేసింది. ఊరంతటినీ నవ్వించే నేను ఆ ముళ్లకంపల మధ్య అటూ ఇటూ తిరిగాను.

ఎవరు చెప్పారో, నా భార్య చేలోంచి వచ్చింది. ముళ్లు తప్పించుకుంటూ నేరుగా పోయి, చెప్పులు విడిచి కూర్చుని, నేలమీద అరచెయ్యి ఆనించింది.

"ఈడ" అంది.

ఆ పక్క గీతలన్నీ కాలితో చెరిపేశారు. ఆమె మాత్రం పొద్దు వాలేదాకా లేవలేదు.

ఇంటికొచ్చాక, అన్నం పెడుతున్నప్పుడు, ఆమెను ఎలాగైనా మాట్లాడించాలని అన్నాను: "ఏమ్మే, తల్లి రాకూడదంటారు గదా. దొంగచాటుగా వచ్చినావా ఏమి?"

"నేనెందుకు వస్తాను మామా? పచ్చి ఒంటితో మిద్దెక్కి చూస్తా ఉంటిని. తిరిగి చూడొద్దని చెప్పింది నీకు. నాకెవురు చెప్పినారు?"